కలపని అన్నం

నారు వయసు 2 రోజులు
నీటిలో ఉప్పు 3 గీతలు. గాలి ఈశాన్యం (ముందు తూర్పు అని రాసి కొట్టేశాను).

ఈ పుస్తకం మా ఆరు తేలుమడులది, ఉప్పునీళ్ల మీద తేలే వరిమడులది. ఇన్నాళ్లూ అమ్మ లెక్కంతా తాడు ముళ్లలో ఉండేది. నారు పోసిన రోజుకు ఒక ముడి, వాన పడితే చిన్న ముడి, ఉప్పెక్కి మొక్క చస్తే దగ్గర దగ్గరగా రెండు. పదకొండేళ్ల తాళ్లు మా మంచె ఇంటి వాసానికి వేలాడుతున్నాయి. ఈ ఏడు నుంచి ప్రతి మడికీ రాతపుస్తకం ఉండాలని మంచెలపాలెం సభ చెప్పింది. మా వంశంలో రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కనుక నేను రాస్తున్నాను. నా పేరు ఎస్తేరు. బడిలో చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దిస్తాను. అమ్మ పేరు దీనమ్మ.

రాసింది చదివి వినిపిస్తే అమ్మ అంది, "గాలి తూరుపు కాదే, ఈశాన్నెం. చెంప మీద తెలవట్లేదా?"

దిద్దాను.

నారు వయసు 3 రోజులు
ఉప్పు 3 గీతలు.

సభ నుంచి కాగితం వచ్చింది. పడవ మనిషి ఇచ్చిన దాన్ని అమ్మ తడవకుండా కొంగులో చుట్టి, నేను బడి నుంచి వచ్చేదాకా అలాగే ఉంచింది.

కాగితంలో ఉన్నది ఇది. గుండు బియ్యాన్ని ఇళ్లవాళ్లు తీసుకోవడం లేదు. కొట్టులో నిల్వ పెరిగిపోతోంది. కాబట్టి దీనమ్మ చూసే ఆరు మడులనూ సముద్రపు నాచు విత్తనానికి ఇవ్వాలని ఆలోచన. ఈ బియ్యం ఇళ్లలో తినదగినదని ఎవరైనా చూపించగలిగితే, ఇరవై నాలుగు రోజుల తర్వాత సభ తరఫున వచ్చి రుచి చూస్తారు. దీనమ్మకు నాచు కోత పడవలో పని ఉంటుంది.

అమ్మ చివరి ముక్క మళ్లీ చదవమంది.

"కోత పడవంటే బయట సముద్రం కదే. నెలకి ఇరవై రోజులు."

"అవును."

"నా నడుం సంగతి వాళ్లకి తెలీదు పాపం." తర్వాత నన్ను అడుగుతున్నట్టుగా అంది. "బాగానే ఉంటది కదా బియ్యం."

నేను కాగితం మడిచాను. పొట్టిగా, గుండ్రంగా ఉండే ఆ గింజ ఒక్కటే మా ఉప్పునీళ్లకు తట్టుకుంటుంది. కానీ వండితే మెతుకు మెతుకును పట్టుకుని వదలదు. గంజి వారిస్తే జిగురు వస్తుంది. పదకొండేళ్లుగా మేము దాన్ని తింటున్నది బాగుందని కాదు, అమ్మ పండించిందని.

ఇరవై నాలుగు రోజులకు నారు వయసు ఇరవై ఏడు అవుతుంది. ముప్పై దాటితే నారు ముదిరి కణుపు కడుతుంది, నాటినా పిలకలు వెయ్యదు. అంటే వాళ్లు ఒప్పుకున్నా, నాటడానికి మాకు మిగిలేది మూడు రోజులు.

నారు వయసు 8 రోజులు
ఉప్పు 4 గీతలు. మంచినీళ్లు రెండు కుండలు పోశాం.

మొదటి ఏడాది విత్తనం వచ్చిన సంచిని అమ్మ దాచింది. దాని మీద కుట్టిన చీటీలో వలెన్సియా అనే ఊరి పేరు, అక్కడి రైతుల సంఘం నంబరు ఉన్నాయి. బడిలో మాటపెట్టె ఉంది. మనం తెలుగులో మాట్లాడితే అవతలివాళ్లకు వాళ్ల భాషలో వినిపిస్తుంది. దానికోసం మనిషికి వారానికి రెండు వంతులు ఇస్తారు. నా మొదటి వంతులో ఆ నంబరుకు కబురు పెట్టాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. పేరు అంపారో. వయసు డెబ్బై ఎనిమిది.

పెట్టెకు తెలుగు నేర్పినవాళ్లెవరో గాని పాత పుస్తకాలతో నేర్పారు. అంపారో గారి మాట దాని నోట ఇలా వచ్చింది. "ఓ బాలికా, మీరు ఆ బియ్యమును ఏ విధముగా వండుచున్నారు?"

చెప్పాను. మూడు సార్లు కడుగుతాం, లోతు గిన్నెలో ఎక్కువ నీళ్లు పోస్తాం, మధ్యలో కలుపుతాం, ఉడికాక గంజి వారుస్తాం.

పెట్టె అవన్నీ మరోసారి చెప్పించుకుంది. తర్వాత, "మీరు ఆ గింజకు చేయదగని నాలుగు పనులనూ చేసితిరి" అంది.

ఆవిడ చెప్పింది గబగబా రాసుకున్నాను. వెడల్పాటి పలుచని పెనం కావాలి. గింజ రెండు వేళ్ల మందం కంటే ఎక్కువ లేవకూడదు. బియ్యం కడగకూడదు. ముందు నూనెలో చిక్కుడు, కూరగాయలు ఎర్రగా వేయించాలి. టమాటా గుజ్జు వేసి నల్లబడేదాకా ఓపిక పట్టాలి. మిరప పొడి, పసుపు రంగు వేసి వెంటనే కూరగాయలు ఉడికించిన నీళ్లు పొయ్యాలి, బియ్యానికి మూడింతలు. మరిగాక బియ్యం చల్లి, ఒక్కసారి సమంగా పరిచి, ఇక చెయ్యి తీసెయ్యాలి. మూత లేదు. గరిట లేదు. అడుగున పలుచగా ఎర్రటి పొర కట్టాలి. అసలు తినేది దానికోసమేనట.

వాళ్లు అందులో కుందేలు మాంసమో, నత్తలో వేసేవారట. మాకు మాంసం లేదు, మా నీళ్లలోని చేపలు తినడం నిషేధించి పదిహేనేళ్లయింది. "మా అమ్మ శుక్రవారములందు కూరగాయలతోనే చేసెడిది. తక్కువేమీ లేదు" అన్నారు ఆవిడ.

అమ్మ బడి వాకిట్లో నిలబడి అంతా వింది. చివర్న, "ఆవిడకి నడుం నొప్పి ఉందేమో అడుగు" అంది.

అడిగాను.

"పొలము సముద్రములోనికి పోయినది. నొప్పి నాతోనే ఉన్నది."

అమ్మ తల ఊపింది, ఆ పెట్టెకు కనిపిస్తుందన్నట్టు.

నారు వయసు 10 రోజులు
ఉప్పు 4 గీతలు.

మొదటి వంట పాడైంది. కారణం రాస్తున్నాను.

మా వరసలో పన్నెండు ఇళ్లకు ఒక అద్దం. పొద్దున పది నుంచి రెండింటి దాకా అద్దం కాసే జక్రయ్య మామ స్తంభం మీద కూర్చుని, గంట కొట్టి, ఇంటింటి పొయ్యి మీదకు ఎండ తిప్పుతాడు. ఇంటికి ఇరవై నిమిషాలు. వంటలయ్యాక మిగిలిన ఎండ ఉప్పునీటిని మంచినీరు చేసే బట్టీకి పోతుంది. మాది ఐదో ఇల్లు.

నేను మడుల దగ్గర ఉండగా అమ్మ అన్నీ తరిగి పెట్టింది. గోరుచిక్కుడు, చిక్కుడు గింజలు, వంకాయ, టమాటా, పుట్టగొడుగులు, మడి గట్టున పెరిగే ఇలకూర. నేను వచ్చి చూసేసరికి బియ్యం నీళ్లలో ఉంది. మూడు సార్లు కడిగి, నానబెట్టి కూడా ఉంచింది.

"కడగొద్దన్నారు కదమ్మా."

"కడగకుండా ఎట్టాగే? దుమ్ము తింటావా? ఆవిడ పెద్దావిడ, మరిచిపోయి ఉంటది."

వండాం. ముద్దయింది. గిన్నెలోంచి గరిట తీస్తే అన్నమంతా దాంతో పాటు లేచి వచ్చింది. అమ్మ దాన్ని చూసి, "ఇటికలకి పనికొస్తది" అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

నారు వయసు 13 రోజులు
ఉప్పు 3 గీతలు. చిరుజల్లు.

పెనం దొరికింది. పాత నీళ్ల డ్రమ్ము మూత. జక్రయ్య మామ రెండు సాయంత్రాలు సుత్తితో కొట్టి అడుగు చదును చేశాడు. నా రెండు చేతులూ చాచితే గాని అంచు నుంచి అంచుకు అందదు.

కానీ ఎండ మరక పళ్లెమంతే పడుతుంది. పెనం మధ్యలో మాడుతుంది, అంచున పచ్చిగా ఉంటుంది. మామ ఆలోచించి చెప్పాడు. "ఆయ్, అద్దం రెక్కలు వదులు చేస్తే మరక పరుచుకుంటాదమ్మా. కాకపోతే వేడి సగమైపోద్ది. ఇరవై నిమిషాలు నీకేం చాలవు. అరవై కావాలి."

అరవై అంటే మూడు ఇళ్ల వంతులు. ఎండ వంతు ఇచ్చినవాళ్లు ఆ పూట చల్లటి నాచు రొట్టె తినాలి. అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మకు అసలే రాదు. పక్కింటి మంగతాయారత్త తనే పిట్టగోడ మీద నుంచి అడిగింది.

"ఏంటే దీనమ్మా, డ్రమ్ము మూతలో వంట? రేపు డ్రమ్ములో కాపురమా?"

విషయం చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆ బంక అన్నం తినలేక మా ఆయన పళ్లు పీకించుకున్నాడు" అంది. వెళ్లబోతూ ఆగింది. "శనివారం నా వంతు తీసుకోండి. ఎలాగూ ఉపవాసం."

అత్త శనివారం ఉపవాసం ఉండదు. నాకు తెలుసు.

నారు వయసు 16 రోజులు
ఉప్పు 4 గీతలు.

రెండో వంటా పాడైంది. ఈసారి తప్పు కడగడంలో లేదు.

మా వంతు, అత్త వంతు కలిపి నలభై నిమిషాలే ఉన్నాయి కనుక మామ మరకను పూర్తిగా పరచకుండా వేడి కొంచెం పెంచాడు. బియ్యం కడగలేదు. అమ్మ చల్లేటప్పుడు కళ్లు మూసుకుంది, పాపం చేస్తున్నట్టు. నీళ్లు మరిగాయి. గింజలు ఉబ్బాయి. అమ్మ చెయ్యి గరిట మీదకు మూడు సార్లు పోయింది, మూడు సార్లూ పట్టుకున్నాను. నీళ్లు ఇంకిపోయాయి. విడివిడిగా, పసుపు పచ్చగా, గింజ గింజా కనబడుతోంది. ఇలాంటి అన్నం మా ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

అప్పుడు అడుగు నుంచి వాసన వచ్చింది. లేతగా, మాడబోయే ముందు వచ్చే వాసన.

నేను గడియారం చూస్తున్నాను. అమ్మ చెంబెడు నీళ్లు తెచ్చి పెనంలో గుమ్మరించింది.

ఆవిరి పోయాక చూస్తే జావ. అమ్మ ఖాళీ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది.

"చెయ్యి దానంతటదే పోయిందే" అంది. "మాడు వాసనొస్తే చెయ్యాగదు. మా అమ్మ మాడిందంటే ఆ పూట ఎవరికీ మొహం చూపించేది కాదు."

మంగతాయారత్త చేతిలో చల్ల రొట్టెతో గోడ అవతల నుంచి చూస్తోంది. "నా ఎండంతా నీళ్లపాలు చేశావు కదే" అంది. ఆ మాట అని, రొట్టెలో సగం విరిచి అమ్మకు ఇచ్చింది.

నారు వయసు 20 రోజులు
ఉప్పు 4 గీతలు. నారు జానెడు. ఆకు కొస పచ్చగా ఉంది.

బడి పెద్ద పంతులమ్మను బతిమాలి మాటపెట్టె ఇంటికి తెచ్చాను. నా వంతు మధ్యాహ్నానికి మార్పించుకున్నాను. అంపారో గారికి అప్పుడు తెల్లవారుతూ ఉంటుంది. జరిగిందంతా చెప్పాను, చెంబు సంగతితో సహా.

పెట్టె చాలాసేపు ఒకే శబ్దం చేసింది. నవ్వుకు దానికి మాట లేదనుకుంటాను. తర్వాత ఆవిడ అన్నారు. "గడియారమును నమ్మవద్దు. నన్ను పెనము వద్దకు తీసికొనిపొండు. నేను ఆలకించెదను."

ఈసారి అవతలి పక్కింటి బుల్లెమ్మ పెద్దమ్మ కూడా వంతు ఇచ్చింది. మూడిళ్ల ఎండ. ఇరవై నిమిషాలు కూరలు వేగడానికే పట్టింది. అమ్మ కరివేపాకు రెబ్బ పట్టుకుని నా మొహం వంక చూసింది. వద్దన్నాను. "ఒక్క రెబ్బ కూడా పడకపోతే కూరకి నోరెట్టా వస్తదే" అని గొణిగి చెవి మీద పెట్టుకుంది. టమాటా గుజ్జు నల్లబడి నూనె వదిలింది. కాల్చిన ఎండుమిరప పొడి, పసుపు, వెంటనే పుట్టగొడుగుల నీళ్లు. ఉప్పు చూసి అమ్మ, "ఒక్క రవ్వ ఎక్కువైంది" అంది. అలాగే ఉండాలట, బియ్యం తాగుతుందట. బియ్యం చల్లింది. ఈసారి కళ్లు తెరిచే ఉంది. పరిచాక రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

మామ చివరి పది నిమిషాలకు రెక్కలు ఇంకా వదులు చేశాడు. నేను పెట్టెను పెనం అంచున పట్టుకున్నాను. వేడికి చెయ్యి మార్చుకుంటూ.

"ఇప్పుడు వర్షము వినబడుచున్నది" అంది పెట్టె. "ఆగుము."

మేం ఆగాం. వాసన మొదలైంది. అమ్మ మోకాళ్లు కదిలాయి. మంగతాయారత్త వచ్చి చెంబు తీసుకుని తన వెనక పెట్టుకుంది.

"వర్షము సన్నబడినది... ఆగుము... వర్షము ఆగినది. ఇప్పుడు నూనె మాటలాడుచున్నది. అరువది లెక్కించుము."

నేను లెక్కపెట్టాను. నాతో పాటు అమ్మా లెక్కపెట్టింది, ఇరవై వరకు, ఆ తర్వాత మళ్లీ ఒకటి నుంచి. దించి, గుడ్డ కప్పి, ఐదు నిమిషాలు ఉంచాం.

అంపారో గారు చెప్పినట్టు పళ్లేలు పెట్టుకోలేదు. పెనం చుట్టూ కూర్చుని ఎవరి ముందున్నది వాళ్లం అంచు నుంచి లోపలికి తిన్నాం. అమ్మ అడుగు గీకి ఎర్రటి పొర ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"మాడిందే" అంది. నమిలింది. ఇంకా నమిలింది. "మాడలేదే."

"ఓ బాలికా, గీకుచున్న శబ్దమును నాకు దగ్గరగా వినిపించుము" అంది పెట్టె.

పెట్టెను పెనంలోకి వంచి చెంచాతో అడుగు గీకాను. కర్ర్ కర్ర్‌మంటూ పొర లేచింది. అటు నుంచి ఏమీ రాలేదు. తెగిపోయిందేమో అనుకున్నాను. కొంతసేపటికి ఆవిడ చెప్పారు, అక్కడ ఉప్పు తట్టుకునే మడులు కట్టలేకపోయారట. ఆ బియ్యం వాళ్ల ఊళ్లో తొమ్మిదేళ్ల కిందటే అయిపోయిందట.

అమ్మ పెట్టె దగ్గరకు జరిగింది. ఇప్పటిదాకా ఏం చెప్పాలన్నా నా చేతే చెప్పించేది. ఈసారి తనే నోరు దగ్గర పెట్టి, కొంచెం గట్టిగా అంది. "వదినా, ఇంకోసారి గీకమంటారా?"

నాలుగు సార్లు గీకాం.

నారు వయసు 24 రోజులు
ఉప్పు 5 గీతలు. మంచినీళ్లు దొరకలేదు.

నారు పసుపుపచ్చబడుతోంది. వేళ్లు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయాయి. అమ్మ పొద్దున ఒక మొక్క పీకి, కాడ చీల్చి చూపించింది. అడుగున కణుపు మొదలైన గుర్తు, ఆవగింజంత. మూడు రోజులు ముందే ముదిరిపోతుంది. ఉప్పు వల్ల.

"ఇరవై ఏడో రోజు నాటాల్సిందే. ఇరవై ఎనిమిది కూడా కాదు" అంది.

కోత పడవ మనిషి వచ్చి అమ్మ కొలతకు నీళ్లు పట్టని చొక్కా ఇచ్చి వెళ్లాడు. భుజాలు చాలా పెద్దవి. అమ్మ దాన్ని మడిచి, మడత కూడా సరిచేసి, గూట్లో పెట్టింది.

నారు వయసు 27 రోజులు
ఉప్పు 5 గీతలు. మబ్బు లేదు. గాలి ఈశాన్యం.

సభ పెద్ద హైమావతి గారు, ఇంకో ఇద్దరు వచ్చారు. హైమావతి గారు మంచినీటి బట్టీ కూడా చూసుకుంటారు. కోపిష్టి మనిషి కారు, కానీ ఆవిడ ముందు అందరూ చెంబులోని నీళ్లు ఒలకకుండా నడుస్తారు.

మాటపెట్టె ఇవాళ బడిలో పరీక్షలకు కావాల్సి వచ్చింది. అంపారో గారు లేరు. నా పుస్తకంలో నిమిషాలన్నీ రాసి ఉన్నాయి కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

మా వంతు, అత్త వంతు, బుల్లెమ్మ పెద్దమ్మ వంతు. వాళ్లిద్దరి ఇళ్లవాళ్లనూ, ఎనిమిదో ఇంటి సాల్మన్ బాబాయి వాళ్లనూ భోజనానికి పిలిచాం. చూపించాలంటే తినేవాళ్లు ఉండాలి కదా అని అమ్మే అంది. అంతా పోయినసారి లాగే సాగింది, చివరి పది నిమిషాల దాకా. నా లెక్క ప్రకారం ఇంకా నాలుగు నిమిషాలుంది. అమ్మ పెనం పక్కన పడుకున్నట్టు వంగి చెవి పెట్టింది.

"అయిపోతుందే" అంది.

"ఇంకా నాలుగు నిమిషాలుందమ్మా. పోయినసారి..."

"పోయినసారి గాలి వేరు. విను."

నేను విన్నాను. నాకు ఏమీ తేడా తెలియలేదు. హైమావతి గారు నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూస్తున్నారు. నా చేతిలో పుస్తకం ఉంది. అమ్మ చేతిలో ఏమీ లేదు.

"నీ ఇష్టం అమ్మా" అన్నాను.

అమ్మ అరవై లెక్కపెట్టలేదు. ఊపిరి బిగబట్టి, ఊపిరి వదిలినప్పుడు పెనం దించమంది.

గుడ్డ తీశాక హైమావతి గారు చెంచాతో అంచున కొంచెం తీసుకున్నారు. తర్వాత అడుగు నుంచి. ఆ ఎర్రటి పొర పళ్ల కింద పటపటమంది, మాకందరికీ వినబడింది. ఆవిడతో వచ్చిన ఇద్దరూ అడగకుండానే పెనం దగ్గరికి జరిగారు. మంగతాయారత్త మొగుడు తన ముందున్న భాగం గీతలు గీసి వేరు చేసుకున్నాడు. "పళ్లు పీకించుకున్నాను గాని చిగుళ్లున్నాయిలే" అన్నాడు.

హైమావతి గారు నెమ్మదిగా తిని, చెయ్యి కడుక్కున్నారు. "రుచి సంగతి ఒప్పుకుంటున్నాను దీనమ్మగారూ. ఇది ఆ బియ్యమేనంటే నమ్మబుద్ధి కావడం లేదు. కానీ ఒక ఇంటి వంటకు మూడు ఇళ్ల ఎండ. అంత ఎండ నేను ఎక్కణ్నుంచి తేవాలి? బట్టీకే చాలడం లేదు."

ఆ మాట నిజమే. ఇన్ని రోజులూ అన్నం ఎలా కుదురుతుందా అనే ఆలోచించాను. గూట్లో మడిచి ఉన్న ఆ చొక్కా వైపు చూడకుండా ఉండటానికి పెనం వైపు చూస్తూ కూర్చున్నాను.

పైన గంట మోగింది. జక్రయ్య మామ స్తంభం మీద నుంచి కేకేశాడు. "ఆయ్, సాల్మనూ, నీ వంతు. నీ పొయ్యి దగ్గరెవరూ లేరేంటి? ఎండ ఎవరికెయ్యను?"

"నాకొద్దు మామా, ఇక్కడ తిన్నాంగా మేమందరం" అన్నాడు సాల్మన్ బాబాయి, నోట్లో ముద్దతో.

"మరి ఈ ఎండేం చెయ్యను? నెత్తిమీద పోసుకోనా?"

అందరూ నవ్వారు. నేను పుస్తకం తెరిచాను. కూడిక చిన్నదే.

"మేడమ్, ఇది ఒక ఇంటి వంట కాదండీ. నాలుగిళ్ల వంట. విడివిడిగా వండుకుంటే నాలుగిళ్లకు ఎనభై నిమిషాలు పోయేది. ఈ పెనానికి అరవై పట్టింది. ఇప్పుడు మామ చేతిలో మిగిలిపోయిన ఇరవై అదే. మా వరసలో పన్నెండు ఇళ్లు, అంటే మూడు పెనాలు. పూటకు గంట ఎండ మిగులుతుంది."

హైమావతి గారు పుస్తకం తీసుకున్నారు. మొదటి వంట నుంచి చదివారు. చెంబు పేజీ దగ్గర పెదవి ఒక పక్కకు పోయింది. తర్వాత తలెత్తి స్తంభం వైపు చూసి, "జక్రయ్యా, అది బట్టీ మీదకు తిప్పు" అన్నారు.

అద్దం కిర్రుమంటూ తిరిగింది. మా ఇళ్ల మీదుగా ఎండ జారిపోయి వరస చివరన బట్టీ రాగి కడుపు మీద పడింది. కాసేపటికి అక్కడి గొట్టం కింద కుండలో నీళ్ల చప్పుడు మొదలైంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు మా వరస బట్టీ నీళ్లు పోయడం నేను ఎప్పుడూ వినలేదు. హైమావతి గారు ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు.

"రెండు పంటలు" అన్నారు చివరికి. "ఆరు మడులూ ఉంచుకోండి. తర్వాత మళ్లీ చూద్దాం. మిగతా వరసలవాళ్లకు ఈ వంట మీరు చెప్పాలి దీనమ్మగారూ."

"నాకు చెప్పటం రాదండి. చేసి చూపిస్తాను" అంది అమ్మ. అని, లేచి, చీర ఎగదోపింది. "ఏమనుకోకండి, నాకు పనుంది. నారు ఆగదు."

అదే రోజు, సాయంత్రం
ఉప్పు 4 గీతలు. బట్టీ నుంచి మడులకు ఐదు కుండల మంచినీళ్లు వచ్చాయి.

ఆరు మడులు ఇద్దరం నాటాలంటే రెండు రోజులు పడుతుంది. మూడో మడి అంచుకు చేరేసరికి అమ్మ నడుం పట్టేసి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టి, ఒక్క చేత్తో నాటుతోంది. ఆగమన్నాను. వినలేదు.

వెనక నీళ్లు కదిలిన చప్పుడైంది. మంగతాయారత్త దిగింది. "ఎన్ని పెట్టాలే కుదురుకి? మూడా?" అంది. ఆవిడ చేతివేళ్లు ఇంకా పసుపుగా ఉన్నాయి. ఆ వెనక బుల్లెమ్మ పెద్దమ్మ, సాల్మన్ బాబాయి, వాళ్లావిడ సంతోషమ్మ, అత్త మొగుడు రంగారావు మామయ్య. అద్దం పని అయిపోయింది కనుక జక్రయ్య మామ. హైమావతి గారు గట్టు మీద నిలబడి కాసేపు చూసి, చెప్పులు విప్పి పక్కన పెట్టారు. ఆవిడ వరస వంకరగా వచ్చింది. అమ్మ మొహమాటపడి చాలాసేపు ఊరుకుని, చివరికి వెళ్లి రెండు కుదుళ్లు పీకి మళ్లీ నాటింది. "ఏమనుకోకండి" అంది. ఆవిడ ఏమీ అనుకోలేదు.

పొద్దు వాలేలోగా ఆరు మడులూ అయిపోయాయి.

ఈ పుస్తకంలో ప్రతి పేజీ అడుగున సభవారు అచ్చువేయించిన గడి ఒకటి ఉంటుంది, నాటినవారి పేరు అని. ఒక్క పేరుకు సరిపోయేంత చోటు. ఎలా రాయమంటావని అమ్మను అడిగాను. గట్టు మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకునే చెప్పింది.

"అందరివీ రాయి. ఎవర్నీ మరిచిపోకు."

దీనమ్మ, మంగతాయారు, బుల్లెమ్మ, సాల్మన్, సంతోషమ్మ, రంగారావు, జక్రయ్య, హైమావతి, ఎస్తేరు. గడి దాటి, గీత దాటి, పేజీ అంచు దాకా వచ్చింది.